శాలువాల పళ్లెం పట్టుకున్న పరిశోధకురాలు

అది 2023. రాజమహేంద్రవరం దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో బోటనీ చెబుతూ, డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు కోఆర్డినేటర్‌గా ఉన్నాను. ప్రతి విభాగమూ పిల్లల చేత పరిశోధన చేయించాలని సర్క్యులర్ వచ్చింది. వెంటనే క్యాంపస్ అంతా ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో డీన్‌గారున్నారు, విభాగాధిపతులున్నారు. పరిశోధన చేసే పిల్లలు ఒక్కరూ లేరు. అది తలుచుకుంటే నాకిప్పటికీ మంటే.

నా విద్యార్థిని సువార్త ఫైనలియర్. పెనుగొండ వైపు అమ్మాయి, తండ్రి బడిపంతులు. గుర్రపుడెక్క కమ్మేసిన కాలువలో చేపలెందుకు చచ్చిపోతున్నాయో తేల్చాలని పూనుకుంది. అందుకు డిసాల్వ్డ్ ఆక్సిజన్, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, కొలవాలి. గట్టు మీదే సీసాల్లో నీళ్లు పట్టి, పరీక్షకు కావలసిన రసాయనాలు కలిపి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ల్యాబ్‌కి తెచ్చేది.

ఏడాది చివర పోస్టర్ సెషన్ పెట్టారు. చేసిన పనిని పెద్ద కాగితం మీద అచ్చువేసి, పక్కన నిలబడి జడ్జిలకు వివరించాలి. మొదటి బహుమతి హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో ఇంటర్న్‌షిప్. సువార్తకు అదే ఆఖరి అవకాశం.

తీరా ఆ రోజు పోస్టర్ దగ్గర పిల్ల లేదు. వెతికితే అతిథులకు సన్మానం జరుగుతున్న ఆడిటోరియంలో, స్టేజి పక్కన, పట్టుచీర కట్టుకుని శాలువాల పళ్లెంతో నిలబడి ఉంది.

"ఏంటమ్మా ఇది? అక్కడ జడ్జిలొచ్చేశారు!"

"హెచ్‌ఓడీ సార్ ఉండమన్నారండి. పొడుగ్గా ఉన్నానంట, స్టేజీకి నిండుగా ఉంటుందంట."

"మరి నీ పోస్టరు?"

"అడిగానండి. పోస్టరెక్కడికీ పోదుగా అన్నారండి."

అక్కడే ఉన్న ఆయన్నే నిలదీశాను. "సన్మానం మధ్యలో పళ్లెం ఎవరు పడతారు మేడం? మీరు పడతారా?" అని నవ్వారు.

"ఇలా ఇవ్వమ్మా" అని పళ్లెం లాక్కున్నాను. సువార్త కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తింది. అప్పటికే జడ్జిలు ఆ వరస దాటేశారు. ఆమె పేరు పక్కన 'గైర్హాజరు' అని రాసేశారు. క్యాంపస్‌లోనే ఉన్న పిల్లకి గైర్హాజరు!

భోజనాల దగ్గర డీన్‌గారిని పట్టుకుని, సువార్త పోస్టర్ కూడా చూడమన్నాను.

"వచ్చే ఏడాది చూద్దాం లెండి."

"ఆ అమ్మాయికి వచ్చే ఏడాది లేదండి."

"ఫలితాలు మైకులో చెప్పేశాం. ఇప్పుడు మారిస్తే పరువేం కాను?"

ఎవరి పరువో ఆయన చెప్పలేదు.

పక్కనే తింటున్న జడ్జి ఒకావిడ, బయటినుంచి వచ్చిన శాస్త్రవేత్త, లేచి చెయ్యి కడుక్కున్నారు. "ఆ అమ్మాయెక్కడ?" అన్నారు. పోస్టర్ ముందు నిలబడి గుచ్చి గుచ్చి అడిగారు.

"ఈ ఒక్క నెల అంకెల్లేవేం?"

"ఆ నెల కాలువలు కట్టేశారండి, నీళ్లు లేవు. సగటు వేసి నింపెయ్యమన్నారు కొందరు గానీ, కొలవంది ఎలా రాస్తానండి?"

ఆవిడ డీన్‌గారి వైపు తిరిగి, "బహుమతి దీనికి రావాలి" అన్నారు. డీన్‌గారు అలాగేనండి అంటూ ఆవిడతో ఫొటో దిగారు. బహుమతి మాత్రం మారలేదు.

సాయంత్రం పోస్టర్ చుట్టుకుంటూ సువార్త అంది: "మూడేళ్లలో మీరు కాకుండా నా పని గురించి నన్నడిగింది ఆవిడొక్కరేనండి."

ఏ మీటింగులోనైనా ఈ సంగతి ఎత్తుతాను. "మేడం మళ్లీ మొదలెట్టారు" అని గొణుక్కుంటారు. గొణుక్కోనీ. పిల్లల పరిశోధనకు చప్పట్లు కొట్టేవాళ్లు క్యాంపస్ నిండా ఉన్నారు. పిల్ల ముందు ఆగి, ఎందుకు, ఎలా అని అడిగేవాళ్లు కావాలి. వీళ్లు అది నేర్చుకునేదాకా నేను తగువు మానను.