అమ్మోరు వద్దన్న పుంజు

ఉద్యోగం లేని రోజుల్లో మనిషికి దేవుడి మీద కోపం వస్తుంది, ఉద్యోగం వచ్చిన కొత్తలో భయం వస్తుంది. నాకు ఆ రెండూ వచ్చాయి గానీ, రెండో దానికి కారణం దేవుడు కాదు, మా పెరట్లోని ఒక ఎర్ర పుంజు. అప్పట్లో మేం కంచరపాలెంలో రైలు పట్టాల వెనక వీధిలో ఉండేవాళ్లం. (ఇప్పుడూ అక్కడే ఉన్నాం. జ్ఞాపకాలు రాసేవాళ్లందరూ అలా మొదలుపెడతారని నేనూ మొదలుపెట్టాను.) డిప్లొమా చేతికొచ్చాక చాలాకాలం ఇంట్లోనే గడిపాను. వెళ్లిన చోటల్లా "కబురు చేస్తాం" అన్నారు, ఒక్కరూ చెయ్యలేదు. అమ్మ విసిగిపోయి, కొడుక్కి ఉద్యోగం వస్తే ఒళ్లున్న పుంజును ఇస్తానని అమ్మవారికి మొక్కేసింది. ఆ వారంలోనే అచ్యుతాపురంలోని ఒక ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. ఆరునెలలు ప్రొబేషన్, నచ్చితే ఉంచుతారు, లేకపోతే లేదు. "పర్మనెంట్ సేసీలోగా మొక్కు తీరిపోవాల. లేపోతే ఇచ్చిన తల్లే తీసీసుకుంటాది" అంది అమ్మ. పుంజు అప్పటికి కుర్రది, ఒళ్లింకా రాలేదు. దాన్ని మేపే పని, ఉద్యోగం నాది కాబట్టి, నాకే పడింది.

మా ఇంట్లో కోళ్లను మేపడానికి ఒకటే పద్ధతి. పెరట్లో నూకలు విసరడం, పెట్టలూ పుంజూ కలిసి తినడం. తరతరాలుగా అదే. పుంజుకి మాత్రం నేను స్పెషల్ మెనూ తయారుచేశాను. నానబెట్టిన చోళ్లు (రాగులు), జాలరిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే అత్త ఊరికే పడేసి వెళ్లే ఎండుచేపల తలకాయల పొడి, పైన కాస్త నూనె. అన్నీ కలిపి దాని ముందు పెట్టి, కంపెనీ బస్సు వచ్చేలోగా తింటుందని ఆశగా గొంతుక్కూర్చునేవాణ్ణి. అది ఒక గింజ ముక్కుతో తీసేది. కింద వదిలేది. మళ్లీ తీసేది, మళ్లీ వదిలేది. ఆ తర్వాత మెడ దించి "కుక్కుక్కుక్కు" మని ఊరందరినీ భోజనానికి పిలిచేది. పెరట్లో ఏ మూలనున్న పెట్టయినా పరుగున వచ్చేది. అవి తింటూ ఉంటే ఇది పక్కన ఛాతీ విరుచుకుని, పెళ్లిలో ఆడపిల్ల తండ్రిలాగ, అందరూ తిన్నారా లేదా అని చూస్తూ నిలబడేది. గిన్నె ఖాళీ అయ్యాక ఒట్టి నేలని రెండుసార్లు పొడిచి, తృప్తిగా కూసేది. నాకు ఏడుపొచ్చేది.

పెట్టలు బంతుల్లా తయారయ్యాయి. పుంజుకి ఈకలు మాత్రం పెరిగాయి. అమ్మ దాన్ని ఎత్తి చూసి, "ఏట్రా, ఇది ఈకల్లోనే ఉంది, ఒంట్లో నేదు. దీనికి పెట్టింది నువ్వు గానీ తినేత్తన్నావేటి" అంది. నేను ఎండుచేపల పొడి తింటున్నానని సొంత తల్లి అనుమానించింది, అంతకంటే దిగజారడానికి నాకు చోటు లేదు.

అప్పుడు మా అక్క మొగుడు, అంటే బావ, సలహా ఇచ్చాడు. "కలిపి మేపితే ఎలగ బామ్మర్దీ? పుంజుని గంప కింద ఎట్టు. అదొక్కత్తే తింతాది." పెట్టాను. పుంజు గంప కింద కూర్చుని, గింజల్ని ఒక్కొక్కటే గంప సందుల్లోంచి బయటికి తోసింది. పెట్టలు గంప చుట్టూ బంతికి కూర్చున్నట్టు కూర్చుని తిన్నాయి. మర్నాడు పెట్టల్ని గూట్లో వేసి తలుపు బిగించాను. పుంజు గిన్నె వైపు చూడనైనా చూడకుండా గూటి తలుపు ముందు నిలబడి, నా బస్సు వెళ్లిపోయేదాకా పిలుస్తూనే ఉంది. బావ పెరటి గోడకి చేరబడి, "దీనికి సంసారం ఎక్కువైపోనాది బామ్మర్దీ, నీ వల్ల అవదు" అని తేల్చేసి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఈ మొక్కులూ గిక్కులూ నేను నమ్మేవాణ్ణి కాదు. కానీ అమ్మ నమ్మించింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ కసిరాడని చెబితే "పొద్దుట పుంజు తిన్నాదా?" అనేది. మెషీన్ ఆగిపోయిందన్నా అదే ప్రశ్న. కొన్నాళ్లకి నేనే మెషీన్ ముందు నిలబడి, పొద్దుట అది ఎన్ని చోళ్లు మింగిందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. నవ్వుతారు గానీ, నిజంగా భయం వేసేది. మళ్లీ మధ్యాహ్నాలు ఇంట్లో పడుకోవడం, వీధిలో ఎవరో ఒకరు "ఇప్పుడేటి సేత్తన్నావు?" అని అడగడం, నేను చెప్పుల వైపు చూడడం. చీకట్లోనే లేచి పుంజు కాళ్ల దగ్గర కూర్చుని "తినే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అని బతిమాలిన రోజులున్నాయి. (మగకోడిని తల్లీ అన్నానని అప్పుడు తోచలేదు.)

చివరికి మేనేజ్‌మెంట్ తీర్పు చెప్పే రోజు వచ్చింది. నాది రెండో షిఫ్టు. పొద్దున్నే అమ్మ పుంజుని చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గుడికి నడిచింది. మా వైపు ఆచారం ఒకటుంది. అమ్మవారి ముందు కోడి మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు సరేనన్నట్టు. విదిలించకపోతే ఎవరూ కత్తి ముట్టుకోరు. అమ్మ నీళ్లు చల్లింది. పుంజు కదల్లేదు. ఇంకో చెంబు పోసింది. తడిసి ముద్దయి, కాకిపిల్లంత అయి, అలాగే నిలబడింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. నేను మనసులో "ఒక్కసారి, ఒక్క రెక్క కదుపు" అని మొరపెట్టుకుంటున్నాను. అంతలో దానికి నేలమీద ఎవరో జల్లిన అక్షింతలు కనపడ్డాయి. ఒక గింజ తీసింది, వదిలింది, మెడ దించి "కుక్కుక్కుక్కు" మంది. లైన్లో ఉన్నవాళ్ల చంకల్లోని కోళ్లన్నీ ఒక్కసారి గింజుకున్నాయి.

అమ్మ వంగి దాన్ని ఎత్తుకుంది. తర్వాత కొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది. "అమ్మోరు వద్దన్నాది. ఒళ్లు నేదని వద్దన్నాది. పద" అంది.

ఆ మధ్యాహ్నం బస్సులో అచ్యుతాపురం దాకా నా ప్రాణం నాలో లేదు. హెచ్చార్ మేడమ్ కూర్చోమంది. కూర్చోమన్నప్పుడే అయిపోయిందనుకున్నాను. ఆవిడ చాలా మర్యాదగా, నన్ను తీసెయ్యడం లేదనీ, పర్మనెంటూ చెయ్యడం లేదనీ, ప్రొబేషన్ ఇంకో ఆరునెలలు పొడిగించారనీ చెప్పింది. ఇంటికొచ్చి నీరసంగా అదే మాట అమ్మకి చెప్పాను. అమ్మ మొహం వెలిగిపోయింది. "సూసేవా? తియ్యనేదు, గడువిచ్చింది. రేపట్నించి బాగా మేపు."

మేపాను. అది మాత్రం పెట్టలకే పెట్టింది. ఆ తర్వాత నన్ను పర్మనెంట్ చేశారు, పుంజు ముసలిదై, ఒక మధ్యాహ్నం పెట్టల మధ్యనే ఒరిగిపోయింది. దాని కొడుకుకీ, ఇప్పుడున్న మనవడికీ ఒళ్లు రాలేదు. ఇన్నేళ్లయినా మొక్కు అలాగే ఉంది. ఈమధ్య కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తారని పుకారు లేచినప్పుడు, బజార్లో బలిసిన పుంజు ఒకటి కొని మొక్కు తీర్చేద్దామని అమ్మతో అన్నాను. అమ్మ నూకలు చెరుగుతూ తలెత్తకుండానే, "నీకేటైనా బుర్రుందేట్రా? తీర్సీసినోళ్లని ఏ తల్లి గుర్తెట్టుకుంటాది? మొక్కు అలగున్నంతకాలం మనింటి మీద ఆవిడికి ఓ కన్నుంటాది. ఒగ్గీ, ఉండనీ" అంది.

నేను ఇలాంటివి నమ్మను. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు, నా జుట్టు సగం నెరిసింది. అయినా పొద్దున్నే యూనిఫాం వేసుకుని, బస్సు హారన్ వినపడేదాకా పెరట్లో గొంతుక్కూర్చుని, పుంజు మరీ ఎక్కువ తినెయ్యకుండా చూసుకుంటున్నాను.