వంగినప్పుడు నేను చూసింది

ఏడో తరగతి చదివే ఒక ఆడపిల్ల వరండాలో నా ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. కాలివేళ్లు అందుకోవడానికి ముందుకు వంగింది. అప్పుడు ఆమె వీపు కుడిపక్క, ఎడమపక్క కంటే ఎత్తుగా లేచి కనిపించింది. అదేమిటో నాకు తెలుసు. వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణలో మాకు నేర్పారు. ఎదిగే వయసు పిల్లల్లో అలా కనిపిస్తే వెన్నెముక పక్కకు తిరుగుతోందని అర్థం. ఇంట్లోవాళ్లకు చెప్పాలి, డాక్టరు దగ్గరికి పంపాలి. నేను చెప్పలేదు. వాళ్లమ్మ వచ్చి అడిగినప్పుడు ఇంకేదో చెప్పాను. పదకొండేళ్లపాటు ఆ తల్లి నా మాటనే నమ్ముకుని బతికింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది వికారాబాద్. అప్పట్లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి తాండూరులో దిగి, అక్కణ్ణుంచి కరణ్‌కోట దిక్కు పోయే బస్సు పట్టుకునేవాణ్ణి. ఆ బస్సులో సగం మంది సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు, మిగతా సగం బండల గనుల వాళ్లు. నేనొక్కణ్ణే మెడలో విజిలుతో. కండక్టరు రోజూ ఒకటే మాట అనేవాడు: "సారూ, ఊదకు, డ్రైవరు ఆపేస్తడు."

మా బడి వరండాకు పరిచిన బండలు ఆ ఊరి రాయే. ఏళ్ల తరబడి పిల్లలు కూర్చుని కూర్చుని అవి నున్నగా అయిపోయాయి. ఎండాకాలం కూడా చల్లగా ఉండేవి. ఐదో తరగతి దాకా ఎవరికీ బెంచీల్లేవు. సక్లం ముక్లం పెట్టుకుని, అంటే బాసిపట్లు వేసుకుని, ఆ బండల మీదే కూర్చుని పలకలు, పుస్తకాలు, అన్నం పళ్లాలు అన్నీ ముందేసుకునేవాళ్లు. గొర్రెల వెంట తిరిగే ఇళ్ల పిల్లలైతే మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చుని, గంటైనా కదలకుండా కబుర్లు చెప్పుకునేవాళ్లు. నేను అలా కూర్చోబోతే వెనక్కి పడేవాణ్ణి. నన్ను లేపడానికి నలుగురు పరిగెత్తుకొచ్చేవాళ్లు, నలభై మంది నవ్వేవాళ్లు.

ఏడాదికి రెండుసార్లు పిల్లల కాళ్ల సాగుదల కొలిచి లెక్క పై ఆఫీసుకు పంపాలి. దానికి ఒక చెక్కపెట్టె ఉండాలి. మా బడికి అది ఎన్నడూ రాలేదు. రెండు బండల మధ్య ఉన్న సందునే నేను గీతగా పెట్టుకున్నాను. మడమలు ఆ సందు మీద ఆనించి, మోకాళ్లు లేవకుండా కాళ్లు చాపి, చేతులు ముందుకు సాచి వంగాలి. వేళ్లు గీత దాటి ఎంత పోయాయో స్కేలు పెట్టి చూసేవాణ్ణి. మిగతా పిల్లలు చుట్టూ మూగి లొల్లి చేసేవాళ్లు.

"అరె, వాని కాళ్లు చూడుండ్రి, కరెంటు స్తంభాలు!"

"సార్, వీడు మోకాలు లేపుతుండు!"

"లేపుతలేను సార్, అదే లేస్తుంది!"

ఆ పిల్ల వంతు వస్తే మాత్రం అంతా గమ్మునుండేవాళ్లు. రెండు అరచేతులూ పాదాలు దాటించి బండ మీద పరిచి, మొహం మోకాళ్లకు ఆనించి, అక్కణ్ణుంచే మాట్లాడేది. "ఇంక పోవాల్నా సార్? పోతె గోడ తగుల్తది." ఒకసారి, "మీరు జర చేసి చూపియ్యుండ్రి సార్" అంది. చూపించాను. నా వేళ్లు మోకాళ్ల కింద కాస్త దూరంలోనే ఆగిపోయాయి. "సార్‌కు సున్నా" అని తనే అరిచింది. ఆ వారమంతా పిల్లలు నన్ను చూసి నవ్వారు. నాకూ నవ్వొచ్చేది. ఉద్యోగంలో నేను బాగున్న రోజులంటే అవే.

ఆ పిల్ల కబడ్డీలో కూతకు పోతే పట్టేవాళ్లు లేరు. కాలు చాపిందంటే గీతవతల ఉన్నవాళ్లను తాకి వచ్చేది. మా బడి జట్టు అంతకు ముందు మండలం దాటలేదు. ఆ ఏడు దాటింది. వికారాబాద్‌లో పోటీలకు ఇంకో మూడు వారాలున్నాయి. సరిగ్గా అప్పుడే రెండోసారి కొలతలు తీయాల్సి వచ్చింది. అప్పుడే ఆ వీపు చూశాను.

అప్పటికే ప్రార్థనలో ఆమె ఒక భుజం ఎత్తుగా పెట్టి నిలబడుతుందని నేను రోజూ వరుసలోకి పోయి దాన్ని చేత్తో కిందికి నొక్కేవాణ్ణి. "సీదా నిలబడు, సైనికుని లెక్క" అనేవాణ్ణి. "సీదనే ఉన్న సార్" అనేది. ఆమెకు అదే సీదా అని ఆ రోజు తెలిసింది నాకు.

చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. వాళ్ల నాన్న గొర్లతో నెలల తరబడి బయటే ఉంటాడు. అమ్మ కంది చేలలో కూలికి పోతుంది. ఆడపిల్ల నడుములో ఏదో ఉందంటే మొదట ఆట మాన్పిస్తారు. ఆ పిల్ల లేకపోతే జట్టు లేదు. పోటీలు అయ్యాక చెబుదామనుకున్నాను. మూడు వారాల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

నాలుగు రోజులకు వాళ్లమ్మే వచ్చింది. చేనుకు పోతూ పోతూ, కొంగు నడుముకు చుట్టుకుని, కొడవలి చేత్తోనే పట్టుకుని.

"సారూ, పిల్లకు తానం పోస్తుంటె చూసిన. వీపు ఒక్క దిక్కు లేసినట్టు కనబడ్తుంది. నువ్వు ఆటలాడిపిస్తవు గదా, నీకేమన్న ఎరుకనా? నాకు మస్తు ఫికరైతుంది."

ఆమెకు చిన్న కూతురు ఉంది, అప్పటికి ఏడాదిన్నర. తల్లి చేనుకు పోతే ఆ పిల్లను పెద్దదే సంకనెత్తుకుని తిరిగేది. బడికి కూడా తెచ్చేది. నా నోటికి అదే వచ్చింది.

"చిన్నదాన్ని ఎప్పుడు ఒక్క దిక్కే సంకనెత్తుకుంటది గదమ్మా, అందుకే. రెండు దిక్కులు మార్చుకోమను. తగ్గిపోతది."

"గంతేనా సారూ?"

"గంతే."

ఆమె మొహంలో బరువు దిగిపోయింది. నాకు దండం పెట్టి పోయింది.

వికారాబాద్ పోటీల్లో మేము రెండో స్థానంలో నిలిచాం. తిరుగు రైలులో పిల్లలు తాండూరు దాకా కూర్చోలేదు, నిలబడి కూతలే. ఆ పిల్ల కిటికీ పక్కన బిస్కెట్లు పంచుతూ, "ఒక్క పాయింటు సార్, ఒక్కటే" అని పదిసార్లు అంది. ఇంటికి పోయి చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆమె సంతోషం చూసి ఆ రోజు చెప్పలేదు. మరుసటి వారం పరీక్షలు వచ్చాయి. సెలవుల్లో నాకు మోమిన్‌పేట్ దిక్కు బదిలీ అయింది. ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నది అదే.

మోమిన్‌పేట్ బడికి కొత్తగా డెస్కులు వచ్చాయి. పిల్లలు పండగ చేసుకున్నారు. రెండేళ్లు డెస్కుల్లో కూర్చునేసరికి కొలతల్లో వాళ్ల వేళ్లు గీత దాకా కూడా రావడం మానేశాయి. "నరం గుంజుతుంది సార్" అని సగంలోనే లేచేవాళ్లు. కొలిచిన ప్రతిసారీ, వంగిన ప్రతి వీపునూ రెండు పక్కలా చూసేవాణ్ణి. ఏ చిన్న తేడా కనబడినా ఆ రోజే ఇంటికి పోయి చెప్పేవాణ్ణి. అలా ఇద్దరు పిల్లలను డాక్టరు దగ్గరికి పంపాను. దానితో పాతది కొట్టుకుపోతుందనుకున్నాను.

మొన్న ఎండాకాలం ఏదో పని మీద తాండూరు పోయి, తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఒకావిడ నా ముందుకొచ్చి నిలబడింది. "గుర్తు వట్టలేదా సారూ? కబడ్డీ పిల్ల తల్లిని" అంది.

పిల్ల ఎలా ఉందని నేను అడగలేదు. తనే చెప్పింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వీపు వంకర అంగీ మీదికే కనబడిందట. పట్నం తీసుకుపోయారు. రెండేళ్లు ముందు తెచ్చి ఉంటే నడుముకు బెల్టు కట్టి ఆపేవాళ్లమని డాక్టరు అన్నాడట. ఆపరేషన్ దాకా పోలేదు గానీ వంకర ఉండిపోయింది. ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి.

"నువ్వు చెప్తివి గద సారూ, సంకనెత్తుకునుడుతోనే అయితుందని. నేనే ఇనకపోతి. కూలికి పోకుంటె ఎట్ల ఎల్తదని చిన్నదాన్ని దానికే ఇచ్చి పోయిన. నా చేతులతోని నేనే పాడు చేసుకున్న నా బిడ్డను."

నేను నోరు తెరిచేలోపే ఆమె పక్కకు తిరిగింది. ఒక పదేళ్ల పిల్ల తమ్ముణ్ణి సంకనేసుకుని బెంచీ చుట్టూ తిరుగుతోంది. "ఓ అక్కా, పిల్ల సంకలకెల్లి వాన్ని దించు" అని ఈమె ఆ పిల్ల తల్లిని కేకేసింది.

"నా రెండు చేతుల సంచులున్నయ్. నువ్వెత్తుకుంటవా?" అంది ఆమె.

"నవ్వులాట గాదు. నా బిడ్డ నడుం గట్లనే వంగింది. కావాల్నంటె గీ సారు నడుగు. సారే చెప్పిండు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆమె సంచులు కింద పెట్టి పిల్లవాణ్ణి లాక్కుంది. "ఎప్పుడు జూసినా వాన్ని మోస్తనే ఉంటవ్" అని పిల్లను కసిరింది. వాణ్ణి చేతికిచ్చిందే తను. ఆ పిల్ల ఏం తప్పు చేసిందో తెలియక నిలబడింది. రైలు వచ్చింది.

ఆ తరువాతి ఆదివారం ఆ ఊరు పోయాను.

ఇంటి ముందు పెద్దమ్మాయే ఉంది. బండలు పాలిష్ పట్టే మిషన్ దగ్గర ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుందట. చున్నీ కుడి భుజం మీదుగా నిండుగా కప్పుకుంది. నన్ను చూసి, "సార్‌కు సున్నా" అని నవ్వింది. కుర్చీ వేయబోతే నేను కూర్చోలేదు. వాకిట్లో నిలబడే మొదలుపెట్టాను: మోయడం వల్ల వెన్ను వంగదని, నేను చెప్పింది అబద్ధమని.

"నాకెర్కనే సార్. పట్నంల డాక్టర్ గూడ గదే చెప్పిండు. అమ్మకు వందసార్లు చెప్పిన. డాక్టర్‌కేమెరుక, సారు మన పిల్లను దినాం చూసెటోడు అంటది. చెల్లె గూడ గట్లనే అనుకుంటది. నేను బకెట్ లేపితె ఉరికొచ్చి గుంజుకుంటది. వద్దంటె ఏడుస్తది."

"అది కాదు బిడ్డా. ఆ రోజు కొలిచినప్పుడే నేను నీ వీపు చూసిన."

నవ్వు పోయింది.

"కబడ్డీ కోసమా?"

"అవును."

"నన్నడిగితె నేను గూడ ఆడతననే అందును సార్." చున్నీ సర్దుకుంది. "గాని అడగలె గదా మీరు."

ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. "నాకొక్కదానికే చెప్పి పోకుండ్రి. అమ్మ వచ్చేదాక ఉండుండ్రి. మీరు చెప్తెనే ఇంటది" అంది.

గంట సేపు కూర్చున్నాను. చిన్నది, బక్కగా పొడుగ్గా ఎదిగిన పిల్ల, గడపలో కూర్చుని హోంవర్కు రాసుకుంటూ మధ్యమధ్య నన్ను చూసింది. తల్లి గడ్డి మోపుతో వచ్చి, నన్ను చూసి సంబరపడి, "సారుకు చాయ్ పెట్టలేదానే?" అని పెద్దదాన్ని కోప్పడింది. చాయ్ వద్దన్నాను. ముగ్గురినీ కూర్చోమన్నాను. ముందు అనుకుని పోయిన మాటలేవీ రాలేదు. వచ్చినవి ఇవి:

"అమ్మా, సంకనెత్తుకుంటే ఎవరి నడుమూ వంగదు. డాక్టరు చెప్పిందే నిజం. నీ బిడ్డ వీపు నీకంటె ముందు నేను చూసిన. అదేందో నాకెరుక. చెప్తె ఆటకు పంపవని చెప్పలె. నువ్వొచ్చి అడిగితె అబద్ధం చెప్పిన. మొన్న టేషన్ల గూడ తల ఊపిన. నీ చేతులు ఏం పాడు చెయ్యలె. చిన్న బిడ్డ తప్పు సుత లేదు. తప్పంత నాది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి, ముగ్గురు."