ఆనపకాయకు సున్నా మార్కులు

పోయిన వారం మా యూనివర్సిటీ డిజిటల్ సెల్ నుంచి మెయిల్ వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలన్నీ కొత్త చోటికి మారుస్తున్నారట, అక్కర్లేనివి ఉంటే టీచర్లే చూసి తీసేయాలట. టీ పక్కన పెట్టుకుని నా ప్రాథమిక తెలుగు కోర్సు తెరిచి, ఏదో ఒక ఆడియో మీద నొక్కాను. ముందు ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాత ఒక పెద్దావిడ గొంతు. "రికార్డవుతోందాండీ? మొదలెట్టెయ్యనా?" ఇక తీసేయాల్సిన వాటి సంగతి ఆ పూటకు మరిచిపోయాను.

కొన్నేళ్ల క్రితం, భాషా కోర్సులన్నిటికీ ఆన్‌లైన్ పాఠాలూ క్విజ్‌లూ ఉండి తీరాలని మాకు ఆర్డరు వచ్చింది. నేను అనంతపురం వైపు మనిషిని. బోర్డూ సుద్దముక్కా తప్ప మరో పరికరాన్ని నమ్మి ఎరగను. అయినా పట్టుదలకు పోయి, ఢిల్లీ ద్వారకలో మా సెక్టారు కూరగాయల బళ్ల దగ్గర నిలబడి ఒక్కో కాయనూ ఫొటో తీశాను. వంకాయను మూడు వైపుల నుంచి తీస్తుంటే బండి భయ్యాకు ఓపిక నశించి, "రీల్ బనా రహీ హో క్యా, దీదీ?" అని అడిగాడు. రీల్ కాదు, పాఠం కోసమంటే నమ్మలేదు గానీ, ఆ వంకాయను తుడిచి మరీ అందించాడు. విద్యార్థి బొమ్మ చూసి పేరు టైపు చేయాలి, కంప్యూటరు దిద్దాలి. అదీ ఏర్పాటు. జవాబులన్నీ నా నోటికి వచ్చినవి వచ్చినట్టే కొట్టుకుంటూ పోయాను.

తరగతిలో ఇరవైమంది దాకా ఉండేవారు. సగం మంది క్రెడిట్ల కోసం చేరిన హిందీ పిల్లలు, సగం మంది ఢిల్లీలో పెరిగిన తెలుగు పిల్లలు. ఈ రెండో రకం వాళ్లకు అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వాళ్లలో ఒకమ్మాయి ఉండేది. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, తల్లి నర్సు, ఇంట్లో అమ్మమ్మ. మొదటిరోజే, "మేడమ్, సమఝ్ సబ్ ఆతా హై, బోల్నా నహీ ఆతా" అని ఒప్పేసుకుంది. నెల తిరిగేసరికి రోజుకు రెండు మూడు తెలుగు వాక్యాలు ఇంటి నుంచి తెచ్చి, టిఫిన్ డబ్బా తెరిచినంత జాగ్రత్తగా క్లాసులో విప్పేది. అన్నీ అమ్మమ్మ దగ్గర పోగు చేసినవే. మూడో క్విజ్ తర్వాత ఆ వాక్యాలు ఆగిపోయాయి. ఏది అడిగినా మళ్లీ హిందీ. చదవడం లేదని నేను కాస్త గట్టిగానే మందలించాను.

రెండు రోజులకు ఆ అమ్మమ్మగారే మెట్రో ఎక్కి మా డిపార్ట్‌మెంటుకు వచ్చారు. గంజిపెట్టిన నేతచీర, చేతిలో క్విజ్ ప్రింటు. వెనక గుమ్మం దగ్గర మనవరాలు నేల చూపులు చూస్తూ నిలబడింది.

"ఈ ప్రశ్నలు పెట్టింది మీరేనాండీ?"

"నేనేనండి. కూర్చోండి."

"మాది తుని అండి. డెబ్బై ఏళ్ల నించి ఆనపకాయ వండుకు తింటన్నాం. తప్పని ఎవరూ అన్లేదు. మీ కంప్యూటరు అంటోంది."

కాగితం చూశాను. సొరకాయ బొమ్మ కింద ఆ పిల్ల 'ఆనపకాయ' అని రాసింది. పక్కన ఎర్ర గుర్తు, సున్నా. ఇంకో రెండు జవాబులదీ అదే గతి.

"మార్కులు పోతే పోయాయండి. ఇది నన్నడగడం మానేసింది. 'అమ్మమ్మా, నీ తెలుగు రాంగ్' అంది. అప్పట్నించి నాతో కూడా హిందీయే. నాకా హిందీ బజారు వరకే వచ్చు."

"సారీ బోలా నా, అమ్మమ్మా" అని గుమ్మం దగ్గర నుంచి సన్నగా వినిపించింది.

నా చెవులు వేడెక్కాయి. ఢిల్లీకి వచ్చిన కొత్తలో, అశోకా రోడ్డులో మన భోజనం దొరికే ఒక చోట శెనక్కాయల చట్నీ ఉందా అని అడిగితే, పక్క బల్ల దగ్గర ఇద్దరు తెలుగువాళ్లు 'పల్లీలనాలి' అంటూ నవ్వుకున్నారు. అప్పటి నుంచి ఆ మాట బయట వాడలేదు. మానేశానన్న సంగతి కూడా మరిచిపోయినంత శుభ్రంగా మానేశాను. అలాంటి నేనే ఈ పిల్ల ఇంటి మాటకు సున్నా వేయించాను.

"కంప్యూటరు తప్పేం లేదండి. సొరకాయ అని దానికి చెప్పింది నేనే. మా వైపు అలాగే అంటాం."

"ఏ వైపండీ?"

"అనంతపురం."

"అదీ సంగతి" అన్నారావిడ, డాక్టరు జబ్బు పేరు కనిపెట్టినంత నిదానంగా. సగం కోపం అక్కడే దిగిపోయింది.

ముగ్గురం డిజిటల్ సెల్‌కు నడిచాం. అక్కడి ఇన్‌చార్జి సాబ్ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. స్లైడ్ ప్రొజెక్టర్ల కాలం నుంచీ ఆ గదిలోనే ఉన్నారు. మైకుకు వాళ్లావిడ కుట్టిచ్చిన గుడ్డ తొడుగు వేసి దుమ్ము పడకుండా చూసుకునేవారు. నేను చెప్పిందంతా విని, ఒక ప్రశ్నకు ఒకే జవాబంటూ తల అడ్డంగా ఊపారు. "మేడమ్, సవాల్ ఏక్, తో జవాబ్ భీ ఏక్. సిస్టమ్ ఐసా హీ హై."

పెద్దావిడ తన బజారు హిందీ బయటికి తీశారు. బొమ్మ చూపించి, "భయ్యా, ఇస్‌కో ఆప్ క్యా బోల్తే?" అన్నారు.

"లౌకీ."

"ఔర్ ఆప్‌కీ వైఫ్?"

సాబ్‌ది బనారస్ దగ్గర పల్లె, వాళ్లావిడది రోహతక్. "వో తో... ఘియా బోల్తీ హై" అన్నారు చివరికి.

"కిస్‌కా గలత్ హై?" అని పెద్దావిడ, తప్పెవరిదో తేల్చమన్నట్టు, చాలా మర్యాదగా అడిగారు.

ఆయన కళ్లజోడు సర్దుకుని కంప్యూటరు వైపు తిరిగారు. మెనూలు ఒక్కొక్కటే తెరిచి వెతికారు. ఇంకో జవాబు చేర్చే మీట తెర అడుగున మొదటి నుంచీ ఉందట, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట. నేను 'ఆనపకాయ' అని టైపు చేయగానే ఎర్ర గుర్తు పచ్చగా మారింది. అమ్మాయి వచ్చి అమ్మమ్మ భుజం మీద గడ్డం ఆనించి తెర వైపు చూసింది. "ఠీక్ హై, అమ్మమ్మా. రైట్ అంట" అంది.

ఆ తర్వాత క్లాసులో ప్రతి బొమ్మకూ వాళ్లవాళ్ల ఇళ్లలో ఏమంటారో అడిగి రమ్మన్నాను. నల్గొండ అబ్బాయి ఫోన్లో వాళ్ల మేనత్తను అడిగి 'ఆనిగెపుకాయ' తెచ్చాడు. నేను శెనక్కాయలను నా చేత్తోనే చేర్చాను. వినే పాఠాల కోసం పెద్దావిడను స్టూడియోకు పిలిచాం. మైకు చూసి మాట్లాడటం ఆవిడ వల్ల కాలేదు, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టాల్సి వచ్చింది. "అమ్మమ్మా, నువ్వు పులుసు ఎలా వండతాది?" అని అది అడగడం, "వండుతావు అనాలే" అని ఆవిడ దిద్దడం, రెండూ రికార్డులోకి ఎక్కాయి. ఒక్క ముక్క తెలుగు రాని సాబ్, నవ్వాల్సిన ప్రతి చోటా నవ్వారు. దగ్గులు తీసేయనా అని అడిగితే వద్దన్నాను.

అమ్మాయికి చివరికి వచ్చినవి ఓ మోస్తరు మార్కులే. తర్వాత గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసింది. కిందటి నెల ద్వారక వెళ్లే మెట్రోలో అమ్మమ్మా మనవరాళ్లిద్దరూ కనిపించారు. అమ్మాయి మొదటి జీతంతో అమ్మమ్మకు స్పోర్ట్స్ బూట్లు కొన్నదట. చీర మీదకు అవి వేసుకోనని ఆవిడ, మోకాళ్ల కోసం వేసుకోవాల్సిందేనని మనవరాలు. "డబ్బులు పారబోస్తావేంటే?" "నా డబ్బులు, నా ఇష్టం. నువ్వు నడవాలా వద్దా?" నాలుగు స్టేషన్లు దాటినా ఇద్దరూ తగ్గలేదు, నన్ను చూడనూ లేదు. ఆ పిల్ల నోట హిందీ మాట ఒక్కటి దొర్లలేదు. నాకు యూనివర్సిటీ ఇచ్చింది పదహారు వారాలు. అందులో పోట్లాడటం మీద పాఠమే లేదు. సిలబస్‌లో లేనివన్నీ ఆ తర్వాతి ఏళ్లు తీరిగ్గా కూర్చుని చెప్పినట్టున్నాయి.