ముళబాగిలు పడవా, బైరకూరు పడవా

అమోసు ఇరవై ఏళ్లకు పైగా కోలారు బంగారు గనుల్లో ఒకటైన చాంపియన్ రీఫ్‌లో పంపు మనిషిగా పనిచేశాడు. బంగారం తవ్వడం అతని పని కాదు. బంగారం ఉన్న చోటికి నీళ్లు రాకుండా చూడటం అతని పని. భూమి అడుగున ఎక్కడో ఒక గది, గదిలో పెద్ద పంపు, పంపు పక్కన బల్ల, బల్ల మీద అమోసు. ఆ రొదలో మాట వినపడదు కాబట్టి షిఫ్టు మొత్తం ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ ఉద్యోగం అతనికి బాగా నచ్చింది.

గని మూసేశాక పంపులు ఆపేశారు. అప్పటినుంచి అమోసుకు నిద్ర పట్టడం మానేసింది. మారికుప్పం స్టేషన్లో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లి, ఒక అపార్ట్‌మెంటులో నీళ్ల మోటార్లు చూసుకుని, సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేవాడు. అలా చాలా ఏళ్లు తిరిగి, ఒళ్లు సహకరించక అదీ వదిలేశాడు. డాక్టరు మాత్రలిచ్చాడు. పాస్టరు ప్రార్థన చేశాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని, అందుకే నిద్ర రావడం లేదని అమోసు ఇద్దరికీ చెప్పాడు. అతని భార్య ఎస్తరమ్మ ఆసుపత్రి ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి వినపడే గొంతు ఆమెది. ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉందన్న మాట చుట్టుపక్కల ఎవరూ నమ్మలేదు.

పోయిన ఎండాకాలం ఇద్దరూ పుదుచ్చేరి వెళ్లారు. ఎస్తరమ్మ తమ్ముడు క్లెమెంట్‌కు అక్కడ ఉప్పుటేటి ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. ఇంటినిండా చుట్టాలు ఉండటంతో అమోసుకు రిపేరుకు వచ్చిన ఒక మోటారు పడవలో పడక వేశారు. చిన్న గది, రెండు మంచాలు ఉన్న పడవ అది. అడుగున చేరే నీటిని ఒక బుల్లి పంపు గురగురమంటూ బయటికి తోడుతూ ఉంది. మర్నాడు మధ్యాహ్నం దాకా అమోసు లేవలేదు. ఎస్తరమ్మ వెళ్లి నాడి పట్టుకుని చూసింది. బాగానే కొట్టుకుంటోంది. నిద్రలో నవ్వుతున్నాడు కూడా.

"ఇట్లాంటిదొకటి కొనుక్కో బావా," అన్నాడు క్లెమెంట్. "నా షెడ్డు పక్కన కట్టేసుకో. చలికాలం ఆడ, ఎండాకాలం ఈడ."

పుదుచ్చేరిలో గది ఉన్న పడవలు వాళ్లకు అందే ధరల్లో లేవు. దాంతో అమోసు సొంత జిల్లాలో వెతకడం మొదలుపెట్టాడు. కోలారు జిల్లాలో పడవ కొనాలనుకునే మనిషికి ఒక సౌకర్యం ఉంది. పోటీ ఉండదు.

వెతికితే రెండు దొరికాయి. కొన్నేళ్ల కిందట బెంగళూరు కంపెనీ ఒకటి ముళబాగిలు అవతల ఒక చెరువు పక్కన రిసార్టు కడతామని గోవా నుంచి రెండు పాత పడవలను లారీల్లో తెప్పించింది. ఆ ఏడాది చెరువులో నీళ్లు లేవు. మరుసటి ఏడాది నీళ్లొచ్చాయి గానీ కంపెనీ లేదు. ఒక పడవ ముళబాగిల్లో గిరీశ్ అనే లారీల యజమాని యార్డులో మిగిలింది. రెండోదాన్ని బైరకూరులో దొడ్డమునియప్ప అనే రైతు టమాటా తోటలో కాపలా గుడిసెగా ఉంటుందని కొనుక్కున్నాడు.

ముందు ముళబాగిలు వెళ్లారు. యార్డులో రెండు లారీల మధ్య తెల్లగా మెరిసిపోతూ ఉంది పడవ. లోపల నీలం కర్టెన్లు, అద్దం, చేతులు కడుక్కునే సింకు. గిరీశ్ తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. యార్డులో పనిచేసేవాళ్లంతా ఒకసారి తలెత్తి చూశారు.

"ఫుల్ కండిషన్ సార్. రేపు సముద్రంలో వదిలినా పోతుంది."

"యాడికి?" అని అడిగాడు అమోసు.

గిరీశ్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అమోసు ఒక నీళ్ల ట్యాంకర్ పిలిపించమన్నాడు. పడవను నీళ్లలో పెట్టే వీలు లేదు కాబట్టి నీళ్లను పడవలో పెట్టాలన్నది అతని ఆలోచన. ట్యాంకర్ పైపు లోపలికి దూర్చి మడమలు మునిగేదాకా నీళ్లు వదిలారు. అమోసు కిందికి దిగి, అడుగుభాగం చుట్టూ అరచేయి ఆనించి తడుముకుంటూ నడిచాడు. కాసేపటికి వెనకవైపు తడి తేలింది. ఆ తర్వాత పక్కన. ఆ తర్వాత పెయింటు కింద ఎక్కడో మొదలై, ఇంకెక్కడో కారడం మొదలైంది.

"అది చెమట సార్. ఎండకు ఫైబర్‌కు చెమట పడతాది," అన్నాడు గిరీశ్.

"నాకూ పడతా ఉండాది," అంది ఎస్తరమ్మ. ఆమె లోపల కర్టెన్లు పట్టుకుని చూస్తోంది. అయినా ఆమెకు ఆ పడవే నచ్చింది.

అక్కడినుంచి బస్సులో బైరకూరు చేరారు. టమాటా తోట గట్టు మీద రెండో పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. తెల్లరంగు ఎప్పుడో మట్టిరంగులోకి మారిపోయింది. ఒక మంచం మీద డ్రిప్పు పైపులు, ఇంకో మంచం మీద కోళ్లు. ఇంజను వైర్లు ఎలుకలు తినేశాయి. దొడ్డమునియప్ప దాన్ని పొగడాలని అనుకోలేదు. దాని మీద అతనికి చాలా కోపం ఉంది.

"ఏం చెప్పేదప్పా. పైన రేకు ఎగిరిపోయినప్పుడు వాన నీళ్లు నిండినాయి. నిండినవి ఇంగ పోతేనా! బిందెలతో తోడినా, దోమలు. ఎండలొచ్చినా తగ్గలే. పొలంలో నిలవని నీళ్లు దీంట్లో నిలిచినాయి చూడు."

అమోసు మొహం వెలిగింది. "అయితే ఎట్ల పోయినాయి?"

"పోక ఏం చేస్తాయి? డ్రిల్లింగు మిషను తెచ్చి అడుగున బొక్క వేసినాను."

అమోసు వంగి పడవ అడుగు చూశాడు. ఒక కోడి దిగి వెళ్లింది.

"ఎన్ని బొక్కలేసినావన్నా?" అని అడిగింది ఎస్తరమ్మ.

"ఒకటేనమ్మా. పెద్దదే."

అమోసు ఒక కర్రముక్కను చెక్కి, గుడ్డ చుట్టి ఆ బొక్కలో బిగించాడు. బోరు పైపు పెట్టి నీళ్లు నింపారు. దొడ్డమునియప్ప ఇంట్లో సంగటి తిని వచ్చి చూస్తే కింద మట్టి పొడిగానే ఉంది.

తిరుగు బస్సులో వాదన మొదలైంది. "నువ్వు ఆడికి పొయ్యేది నిద్రపొయ్యేదానికి, ప్రిన్సీ నాయనా," అంది ఎస్తరమ్మ. ప్రిన్సీ వాళ్ల కూతురు. "నేను మేలుకుని ఉండాల. నాకు కర్టెన్లు కావాల, సింకు కావాల. కోళ్లు పడుకున్న మంచం మీద నేను పడుకోను."

అమోసు ఆలోచించి చెప్పాడు. "మే ఎస్తరూ, ముళబాగిలుది యాడ కారతాదో దానికే తెలీదు. ఇది యాడ కారతాదో మనకు తెల్సు."

బస్సు దిగేదాకా ఆమె వేళ్ల మీద గుడ్డ మీటర్లు లెక్కపెట్టింది. దిగాక, "కర్టెన్లు నేను కుట్టుకుంటా. కడిగేది మాత్రం నువ్వే," అంది.

బేరం తేలిగ్గానే కుదిరింది. కానీ అమోసు లారీ మాట్లాడబోతే దొడ్డమునియప్ప అడ్డుపడ్డాడు. నీళ్లు తోడేశాక మంచం కింద ఒక కోడిపెట్ట పొదగడం మొదలుపెట్టింది. దాన్ని కదిలిస్తే గుడ్లన్నీ మురిగిపోతాయి. పిల్లలు అయ్యేదాకా పడవ కదలదు.

ఆ రోజులు అమోసుకు కష్టంగా గడిచాయి. గిరీశ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసేవాడు. మొదట ధర తగ్గించాడు. తర్వాత లారీ బాడుగ వద్దన్నాడు. ఆ తర్వాత ఒక ఫ్యాను కలిపాడు. ఫోను ఎప్పుడూ ఎస్తరమ్మే ఎత్తేది. ఎత్తి, స్పీకర్ పెట్టి, మొగుడికేసి చూసేది. అమోసు బైరకూరు బస్సెక్కి వెళ్లి పెట్టను చూసి వచ్చేవాడు. పెట్ట కూడా అతన్ని చూసేది. ఊరికే కూర్చోవడం చేతకాక, పాత రేకులు, కొయ్యలు పోగుచేసి తోటలో కోళ్లకు ఒక గూడు కట్టాడు. తలుపు పెట్టాడు. వాన నీళ్లు పోవడానికి కాలువ కూడా తీశాడు. దొడ్డమునియప్ప దాని చుట్టూ తిరిగి చూసి, "పడవకన్నా ఇది బాగుండాదప్పా," అన్నాడు.

పిల్లలు అయ్యాయి. పడవంత పొడుగున్న లారీ చుట్టుపక్కల గిరీశ్ దగ్గర తప్ప లేదు కాబట్టి గిరీశ్‌నే అడగాల్సి వచ్చింది. అతను ఏమీ అనుకోకుండా లారీని పుదుచ్చేరికి పంపాడు. తెల్ల పడవను ఆ తర్వాత హైవే పక్కన ఒక డాబావాళ్లకు అమ్మేశాడు. వాళ్లు అందులో బల్లలు వేసి కుటుంబాలకు భోజనం పెడుతున్నారు. చిత్తూరు బస్సుల్లో వెళ్లేవాళ్లు కిటికీలోంచి ఫొటోలు తీసుకుంటారు. బాగా నడుస్తోందట.

క్లెమెంట్ బొక్క పూడ్చి, పైన ఫైబర్ వేసి, ఎక్కడో దొరికిన పాత ఇంజను, అడుగున బావకోసం ఒక బుల్లి పంపు బిగించాడు. నీళ్లలోకి దించిన రోజున అమోసు ఎక్కడానికి జంకాడు. అతనికి ఈత రాదు. నీళ్లతో అంతకాలం పనిచేసినా మనిషెప్పుడూ నీళ్లలోకి దిగలేదు. చివరికి లైఫ్ జాకెట్ తొడుక్కుని ఎక్కాడు. అది తొడుక్కునే పడుకున్నాడు. బాగా నిద్రపోయాడు. ఇప్పటికీ ఆ జాకెట్‌తోనే పడుకుంటాడు.

ఎస్తరమ్మకు మొదట్లో పడవ ఊపు పడేది కాదు. నిద్ర అసలు పట్టేది కాదు. పంపు రొద, దానికి తోడు మొగుడి గురక. పట్టని నిద్రకోసం దొర్లడం ఎందుకని, పొద్దున్నే లేచి తమ్ముడి దగ్గర పడవ నడపడం నేర్చుకుంది. నేర్చుకున్నాక స్టీరింగు ఇంక ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే కుట్టుకున్న పూల కర్టెన్లు పక్కకు లాగి, లోపల నిద్రపోతున్న అమోసుతో సహా ఉప్పుటేరు మొత్తం ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఎదురొచ్చే జాలర్లు ఆమెను దూరంనుంచే చూసి పక్కకు తప్పుకుంటారు. ఆమె తప్పుకోదని వాళ్లకు తెలుసు.