కోతలో పోయిన ఆఖరి పేరా

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది నన్ను వరంగల్ ఎడిషన్‌కు డెస్క్ ఇన్‌ఛార్జిగా పంపారు. విలేకరులు రాసిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో సరిపెట్టడం డెస్క్ పని. చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తాం. ముఖ్యమైన సంగతి పైనే ఉంటుందన్న నమ్మకంతో వచ్చిన ఆనవాయితీ అది.

ఆ వానాకాలంలో మా ఆరోగ్య విలేకరి పక్షవాతం మీద ఒక వార్త రాశాడు. మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ను ఎక్కించి దెబ్బతిన్న మెదడును కాపాడే ప్రయత్నాలు సాగుతున్నాయన్నది సారాంశం. ఇవి ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయని ఆఖరి పేరాలో స్పష్టంగా చెప్పాడు. సాయంత్రం చీరల దుకాణం ప్రకటన ఒకటి వచ్చిపడింది. సబ్‌ఎడిటర్ ఆనవాయితీ ప్రకారం ఆ పేరా కోశాడు. పైన 'పక్షవాతానికి మూలకణాల సూది' అన్న శీర్షిక మిగిలింది.

కొన్ని వారాలకు వర్ధన్నపేట నుంచి మహబూబ్‌బీ అనే ఆవిడ ఆ పేపరు పట్టుకుని మడికొండలోని మా ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త ఖాజా దర్జీ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ మొదలుపెట్టాక వేళ్లలో కొంచెం కదలిక కనిపించిందట.

"సార్, గీ సూది ఎప్పుడిస్తరు? మా మరిది పేపర్ల సదివిండు. అప్పటిసంది చెయ్యి కట్టి పెట్టినం. కదిలిస్తె మందు పట్టదంటాండు."

విరిగిన ఎముకకు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టేవాళ్లు ఇక్కడి ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కట్టు విప్పేదాకా కదపకూడదన్నది వాళ్ల మొదటి షరతు. మెదడుకు తగిలిన దెబ్బకూ ఆ ఇంట్లో అదే వర్తింపజేశారు. కసరత్తు మాన్పించారు.

విలేకరి చేత నరాల డాక్టరుకు ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించాను. ఎక్కించిన కణాలు వదిలే పదార్థాలు, చావకుండా మిగిలిన మెదడు కణాలను కాపాడతాయేమోనని పరీక్షిస్తున్నారని, మామూలు వైద్యంగా అది ఇంకా రాలేదని ఆయన చెప్పాడు. ఆ చేతికి ఇవాళ ఉన్న మందు కసరత్తేనని, ఆలస్యమైతే భుజం బిగుసుకుపోతుందని హెచ్చరించాడు.

ఫోన్ పెట్టేయగానే ఆవిడ మా వైపు తిరిగింది. "గీ ముచ్చట పేపర్ల ఎందుకెయ్యలె?" అని అడిగింది.

జాగా సరిపోలేదని సబ్‌ఎడిటర్ నసిగాడు.

ఆమె పేపరు మడత విప్పింది. "చీరెల బొమ్మకు దొరికింది గద బిడ్డా జాగ."

మర్నాడు ఆ పేరాను అదే పేజీలో, అదే చోట వేశాం. ఇంటికి వెళ్లగానే ఆవిడ కట్టు విప్పేసిందని విలేకరి చెప్పాడు. చాలా కాలానికి అటు వెళ్లినప్పుడు వాళ్ల దర్జీ దుకాణంలోకి తొంగి చూశాడట. ఖాజా సుద్దముక్కతో బట్ట మీద గీతలు గీస్తున్నాడు. కత్తెర ఆమె పడుతోంది. అతని చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం లేదు. కట్టి ఉంచిన వారాలే అందుకు కారణమని చెప్పలేమని, మేలైతే చేయలేదని డాక్టరు అన్నాడు.

అప్పటి నుంచి నేను దిగిపోయేదాకా మా డెస్క్‌లో వైద్య వార్తను కింది నుంచి కోయలేదు. 'ఇంకా పరీక్షల్లోనే ఉంది' అన్న మాట మొదటి వాక్యంలోకి వచ్చింది. వార్త చప్పబడిపోతోందని సబ్‌ఎడిటర్లు గొణిగేవారు. నిజమే, చప్పబడుతుంది. కానీ పాఠకుడు ఆఖరి పేరా దాకా ఆగడు. శీర్షిక చదవగానే చెయ్యి కట్టేస్తాడు.