చాలదన్న బట్టలో మిగిలిన ముక్కలు

మా ఆయన టైలరు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే దారి పక్కనే మా ఇల్లు, ఇంటి ముందు వసారా, వసారాలో ఆయన మిషను. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల నిక్కర్లు, ఎన్నికలొస్తే ఒకరంటే ఒకరికి పడని పార్టీల జెండాలు, అన్నీ ఆ ఒక్క సూది కిందనుంచే పోయాయి. ఆయన పోయాక ఆ మిషను ముందు మా కోడలు కూర్చుంది. కొడుకు ఫ్యాక్టరీకి వెళ్తాడు గానీ వాడి జీతం నెల సగానికే నీరసపడిపోతుంది. మిగతా సగం మా పొయ్యి వెలగాలంటే మిషను తిరగాల్సిందే.

నాకు చదువు రాదు. పేరు రాయమంటే వంకరగా రాస్తాను. అందుకే ఇదంతా నోటితో చెబుతున్నాను.

ఆయన నాకు వదిలిపోయిన ఆస్తి ఏమిటంటే, అటక మీద గోనెసంచులు. వాటి నిండా కటింగులో మిగిలిన గుడ్డముక్కలు. జీవితమంతా దాచాడు. ఎందుకయ్యా ఈ చెత్త అంటే, ఎప్పుడో పనికొస్తాయి అనేవాడు. పొలం వదిలితే గట్టు తగాదాలు వచ్చేవి, బంగారం వదిలితే అలకలు వచ్చేవి, గుడ్డముక్కల్లో వాటా అడగడానికి ఎవరొస్తారులే అనుకున్నాను. ఊరంతా వచ్చింది.

ఇదంతా కోడలి సెల్‌ఫోనులో మొదలైంది. ఒకరోజు అది మిషను ఆపి ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అత్తా, ఇటు సూడు. ఎంత బాగున్నాదో. దీన్ని పేచ్‌వర్కంటారు."

"బొంత గాదేటే అది?"

"బొంత గాదత్తా. బొంతయితే అంత రేటెందుకుంటాది?"

నేను పుట్టింది బొంత మీద, నా పిల్లల్ని పడుకోబెట్టింది బొంత మీద. ఎవరూ రేటు చెప్పలేదు.

"మేచింగు గుడ్డలు మీటరు మీటరు కొని తెస్తే నానూ కుట్టెస్తాను. సికాకుళంలో అమ్ముకోవచ్చు."

"కొన్న గుడ్డ ఏటి సేస్తావు?"

"ముక్కలు కోస్తాను."

"కోసి?"

"మళ్ళీ అతుకుతాను."

"నెత్తి మీద ఇన్ని సంచులు ముక్కలెట్టుకుని, ముక్కల కోసం నిండు గుడ్డ కొంటావేటే? బియ్యం కొనుక్కొచ్చి నూక సేసుకుంటావా?"

"అవి మేచింగు కావత్తా."

"కప్పుకుని కళ్ళు మూసుకున్నాక మేచింగు ఎవుడు సూస్తాడే?"

ఆ రోజే ఇంట్లో చట్టం పెట్టాను. అటక మీద సంచులు ఖాళీ అయ్యేదాకా ఈ గుమ్మం లోపలికి కొన్న గుడ్డ రాకూడదు. ఇంట్లో నా మాట చెల్లే విషయాలు తక్కువ. ఇది చెల్లింది, ఎందుకంటే ఖర్చు లేదు కాబట్టి కొడుకు కూడా నా వైపే ఉన్నాడు.

మొదటి సంచి దింపి మూతి విప్పాను. మిషను నూనె వాసన, ఎలుకల వాసన, దాని వెనక కొత్తగుడ్డ గంజి వాసన. వేలెడంత పీలికలు ఉంటాయనుకున్నాను. చెయ్యి పెట్టి లాగితే మూరెడు ముక్క వచ్చింది. ఇంకోటి లాగితే ఇంకో మూరెడు. చిన్నపిల్లకి గౌను అయ్యేంత ముక్కలు కూడా ఉన్నాయి. నేను సంతోషించాను. ముక్క పెద్దదైతే అతుకులు తక్కువ కదా. అంతకు మించి నా బుర్రకి ఏమీ తట్టలేదు.

నా పాత నేతచీర అడుగున పరిచాను, మధ్యలో చిరిగిన దుప్పట్లు వేశాను, పైన ముక్కలు పేర్చాను. జరుగకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, అంచు నుంచి లోపలికి సన్నగా కుట్టుకుంటూ వచ్చాను. కళ్ళు సరిగా ఆనవు, వేళ్ళకి తెలుసు. పట్టుముక్క పక్కన పసిపిల్ల లంగా ముక్క, దాని పక్కన బడి యూనిఫారం గళ్ళు, దాని పక్కన ఖాకీ. బొంత పూర్తయ్యాక కోడలు కూడా పెదవి విరవలేకపోయింది. ఫొటో తీసుకుంది.

కొత్త ముక్కలు కదా, గంజి వదలాలని ఉతికి, ఎండ బాగా పడేచోట ఆరేశాను. మా ఇంట్లో ఎండ బాగా పడేది రోడ్డు వైపు ప్రహరీ గోడ మీద. ఊళ్ళో ఆడవాళ్ళందరూ నడిచేది ఆ గోడ పక్కనుంచే.

ముందు ఎదురింటి మరదలు ఆగింది. వరసకి మరదలు, నోటికి జమీందారు.

"ఒదినా! ఒలే ఒదినా!"

"ఏటే మరదలా, ఆ కేకలు?"

"ఈ నెమలికంఠం రంగు ముక్క నాది."

"ఊళ్ళో నెమలికంఠం రంగు నీకొక్కదానికే ఉన్నాదేటి?"

"జరీ బుటా సూడు. మా పెద్దదాని పేరంటానికి తీసుకున్న గుడ్డ. అన్నేటన్నాడు? 'బట్ట సాలదమ్మా, మోసేతి దాకా రాదు' అన్నాడు. వొచ్చినోళ్ళందరి ముందూ పొట్టిసేతుల్తో నిలబడ్డాది గుంట. ఇప్పుడు సూడు, ఆ సేతులు రెండూ నీ గోడమీద ఆరతన్నాయి!"

ఆ గొంతుకి వీధి కదిలింది. రిటైరైన పంతులమ్మ కళ్ళజోడు సర్దుకుని, బొంత మీద జానలు వేసి కొలిచింది. ఆమెకి తన జార్జెట్టు దొరికింది.

"ఏమ్మా, దీన్ని ఏమంటారో తెలుసా?" అంది నాతో, క్లాసులో అడిగినట్టు.

"బొంతంటారు పంతులమ్మా."

ఆమెకి ఆ జవాబు నచ్చలేదు. యూనిఫారం గళ్ళు చూసి ఇంకొకామె, తన కొడుకు నిక్కరు ఎందుకు బిగుతుగా ఉండేదో ఇన్నాళ్ళకి అర్థమైందని అరిచింది. ఆ కొడుక్కి ఇప్పుడు పెళ్ళయి పిల్లలున్నారు, అయినా తల్లి కడుపు తరుక్కుపోయింది. ఖాకీ ముక్క యజమాని మాత్రం, పాత హెడ్డు కానిస్టేబులు, చూసీ చూడనట్టు పోయాడు. ఆయన ఏనాడూ కుట్టుకూలి ఇచ్చిన పాపాన పోలేదు. బొంత దగ్గర ఆగితే ఆ సంగతి కూడా బయటికి వస్తుందని భయం.

నవ్వుకునే విషయమే. కానీ సాయంత్రానికి నవ్వు పోయింది. ఎదురింటి మరదలు వసారా ఎక్కి కోడలి ముందు చెయ్యి చాపింది.

"పండక్కని ఇచ్చిన జాకెట్టు గుడ్డలు ఇచ్చీయే అమ్మా. సికాకుళంలో కుట్టించుకుంటాను."

ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక పంతులమ్మ. చీకటి పడకముందే మా గుడ్డల అలమర ఖాళీ. పండగ ముందు నాలుగు వారాల పనే మా ఇంటికి ఏడాదికి ఊపిరి. కోడలు మిషను మీద మూత పెట్టి నా వైపు తిరిగింది.

"కొనొద్దు కొనొద్దన్నావు. ఇప్పుడు కుట్టడానిక్కూడా గుడ్డ నేకుండా సేసినావత్తా. దొంగ టైలరు కోడలంట నాను! నా మొహం మీదే అన్నారు. రేపట్నించి ఈ మిషనెవరు తొక్కుతారు?"

"నువ్వేటి సేసినావే?"

"నానేటీ సెయ్యనేదు. నీ బొంత సేసింది. తీసి లోపలెట్టీ."

లోపల పెడితే నిజంగానే దొంగసొత్తు అవుతుంది. గోడ మీద ఉన్నంతసేపే అది బొంత. ఆ ముక్క నాకు బాగా అర్థమైంది. అందుకే మర్నాడు పొద్దున బొంత వసారాలో పరిచి, పక్కన బ్లేడు పెట్టి కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళకి చెప్పాను, ఎవరి ముక్క వాళ్ళు విప్పుకుపోండని.

ఆ రోజు ముక్కలకంటే యజమానులు ఎక్కువ వచ్చారు. పుట్టినప్పట్నించి రెడీమేడ్ నైటీలు తప్ప కొనని ఆమె కూడా మూడు ముక్కలు తనవే అంది. ఒకామె నిజంగానే బ్లేడు పట్టి తన చిన్నముక్క విప్పింది. చుట్టూ కుట్టు మడతలు పోగా అరచేతంత మిగిలింది. అటు తిప్పి ఇటు తిప్పి, ఏం చేసుకోవాలో తెలియక మళ్ళీ బొంత మీదే పెట్టింది. పంతులమ్మ తన జార్జెట్టు దగ్గర కూర్చుని నిజాయితీ గురించి చెప్పింది. అందరూ విన్నారు, వింటూనే పక్కవాళ్ళ ముక్కల వైపు జరిగారు.

చివరికి చింతపువ్వు రంగు ముక్క దగ్గర ఇద్దరు పట్టుకున్నారు. ఒకరు ఎదురింటి మరదలు, ఇంకొకరు కళింగపట్నం నుంచి తట్టతో వచ్చే చేపలామె. అక్కా అనడానికి నన్ను అప్పా అంటుంది. తట్ట మెట్టు మీద దించి మరీ దిగింది తగాదాకి.

"ఇది నాదే, మా నాన్న కొన్నాడు," అంది చేపలామె.

"నీ నాన్న ముక్కుపొడుం కొనడమే ఎరగను, చింతపువ్వు రంగు కొన్నాడంటావేటే?"

"ఎరగవు. నువ్వప్పటికి కాపరానికే రానేదు."

నేను ఆ ముక్క వైపు చూశాను. కుట్టేటప్పుడు వేళ్ళతో చూశాను, ఇప్పుడు ఎండలో కళ్ళతో చూశాను. ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక జాకెట్టు తెచ్చి ఆ ముక్క పక్కన పెట్టాను.

పెళ్ళైన కొత్తలో శ్రీముఖలింగం శివరాత్రికి వెళ్ళడానికి మా అమ్మ పెట్టిన గుడ్డ అది. ఆయనే కుట్టాడు. చేతులు భుజం దాటగానే అయిపోతాయి. తిరునాళ్ళలో అంతమందిలో చీరకొంగు రెండు వైపులా లాక్కుంటూ నడిచాను. మా అత్త ఊరుకుందా? "సేతులేవే కోడలా, దార్లో పడిపోనాయేటి?" అంది. నేను ఏడిస్తే ఆయన ఎంతో మెత్తగా, గుడ్డ తక్కువ కొన్నారే మీ వాళ్ళు, నేనేం చెయ్యను అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను మా అమ్మ మీద అలిగాను. ఏళ్ళ తరబడి అలిగాను. మా అమ్మ చచ్చిపోయేదాకా ఆ గుడ్డ నిండుగానే కొన్నానని ప్రమాణం చేస్తూనే ఉంది.

ముక్క జాకెట్టు చేతికి ఆనించాను. రంగు రంగులో కలిసిపోయింది. మోచేతి దాకా నిండుగా వచ్చేది. పైగా మిగిలేది.

"నాకూ అదే మాట సెప్పినాడు," అన్నాను. "బట్ట సాలదన్నాడు."

ముందు చేపలామె నోరు తెరిచింది.

"అమ్మ బాబోయ్! బావ కట్టుకున్నదాన్నీ వదల్నేదేటప్పా?"

అంతే. ఒకరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, ఒకరు గోడకి చేరగిలబడ్డారు, పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎదురింటి మరదలు కాసేపు బిగపట్టి, తర్వాత అందరికంటే పెద్దగా నవ్వింది.

"నిన్నే వదల్నేదంటే మాకేటి లెక్కలే ఒదినా," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను నవ్వలేదు. ఆ రోజు ఆయన ఫొటో ముందు అగరుబత్తి వెలిగించలేదు. ఎదురుగా నిలబడి నాలుగు తిట్టాను, దండ వేసుకుని నవ్వుతూనే ఉన్నాడు. దొంగ అందామంటే దొంగ అమ్ముకుంటాడు. ఈయన ఒక్క ముక్క అమ్మలేదు, తలగడ గలీబు కూడా కుట్టలేదు. ఊరందరి దగ్గరా చిటికెడు చిటికెడు కత్తిరించి, ఏ రాజు నిధో కాపలా కాసినట్టు కాశాడు. నేను పిసినారి అంటాను. పంతులమ్మ ఇంకో మాట అంది, అది ఇక్కడ చెప్పను.

నవ్వారు గానీ గుడ్డలు తిరిగి రాలేదు. నవ్వు వేరు, జాకెట్టు గుడ్డ వేరు. కోడలు రెండు రోజులు ఖాళీ మిషను తుడిచింది. మూడోరోజు కటింగు బల్లని లోపలి గదిలోంచి ఈడ్చుకొచ్చి వసారా అంచున, రోడ్డు మీదకి వేసింది. మా ఆయన కటింగు ఎప్పుడూ లోపల చేసేవాడు, వెలుతురు కళ్ళలో పడుతుందని చెప్పి. కోడలు తన పాత చీరనే బల్ల మీద పరిచి, రోడ్డున పోయేవాళ్ళకి వినబడేలా కొలతలు చదువుతూ కోసింది. మిగిలిన ముక్కలు కవర్లో వేసి మూతి ముడేసి, మేకుకి తగిలించింది.

"ఎవరి గుడ్డ వాళ్ళ కళ్ళముందే కోస్తాను. ఎవరి ముక్కలు వాళ్ళే అట్టుకెళ్ళండి," అంది.

గుడ్డ ఇవ్వడానికి కాదు, చూడ్డానికి వచ్చారు ముందు. సినిమాకి వచ్చినట్టు మెట్ల మీద కూర్చున్నారు. చూసి చూసి, చేపలామె గుడ్డ తెచ్చింది. తర్వాత పంతులమ్మ తెచ్చి, కత్తెర ఎటు తిరగాలో చెబుతూ పక్కన నిలబడింది. కోడలు అన్నింటికీ "అలాగే మేడం" అని తనకి తెలిసినట్టే కోసింది. కవర్లు చేతిలో ఊపుకుంటూ, ఏదో కేసు గెలిచినట్టు ఇళ్ళకి వెళ్ళారు. మిషను మళ్ళీ తిరిగింది.

ఎదురింటి మరదలు అందరికంటే ఆఖరున వచ్చింది. శ్రీకాకుళంలో కుట్టించిన జాకెట్లు చంకలో బిగుతయ్యాయని మాత్రం చెప్పలేదు, నడకలో తెలిసింది. కొత్త గుడ్డ బల్ల మీద పడేసి, రెప్ప వెయ్యకుండా కత్తెరనే చూసింది. కోడలు కోసి, ముక్కలు కవర్లో వేసి ఇచ్చింది. మరదలు కవరు పట్టుకుని మెట్లు దిగింది, రోడ్డు మధ్యదాకా వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చింది.

"ఇవి మోసుకెళ్ళి నానేటి సేసుకుంటాను? ఎలకలు సేరతాయి. నీ కాడే ఉంచు ఒదినా."

"నాకొద్దే తల్లీ. నా అటక మీదే ఇంకా ఉన్నాయి."

"ఉంటే ఉన్నాయి, ఇవీ కలుపు." కవరు నా ఒళ్ళో పెట్టింది. "మా సిన్నదానికి నెలలు దగ్గిర పడ్డాయి. పిల్ల కిందకి బొంత కుట్టీ. కుట్టేటప్పుడు నా ముక్కలు కాళ్ళకాడ ఎయ్యకు, మజ్జిన ఎయ్యి. నాను మళ్ళీ వొచ్చి సూస్తాను."