నున్నటి అంచు

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ గుడి గేటుకు శంఖచక్రాలున్న ఉక్కు రేకు బిగించే పనిని నూకయ్య అడిగి మరీ నెత్తిన వేసుకున్నాడు. రైల్వే వర్క్‌షాపులో రేకుల పని చేసి రిటైరైన మనిషి. అంచుకు ఆకురాయి పట్టకుండా రంగు వేసిన కుర్రాళ్లను సర్వీసంతా తిట్టిపోసినవాడు. అలాంటివాడు మలంచా బజారు కొట్టులో లేజరుతో కోయించిన రేకు చూసి మోజుపడ్డాడు. అంచు మీద వేలు పెడితే అద్దం మీదలా జారింది. దీనికి ఆకురాయి పట్టడం పాపమనుకుని నేరుగా రంగు వేసేశాడు.

తొలి వానలకే అంచులన్నీ పెచ్చులూడి, గేటు మీద తుప్పు చారలు దిగాయి.

"రంగుల కొట్టువాడు నాసిరకం అంటగట్టినట్టున్నాడయ్యా," అన్నారు గుడి కార్యదర్శి యజ్ఞనారాయణ గారు.

మంచి పనివాడన్న పేరు నిలుపుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. నూకయ్య ఆశగానే అంచును గోటితో గీరాడు. రంగు వెనకే నల్లటి పొర కూడా ఊడి వచ్చింది. లేజరు వేడికి ఉక్కు మీద కట్టిన పొర అది. దాన్ని గీకెయ్యకుండా వేసిన రంగు ఏ కొట్టుదైనా నిలవదు.

"రంగుది కాదు బాబూ, తప్పు నాదే," అన్నాడు. "పెళ్లిసూపుల్లో పౌడరు సూసి మురిసిపోయినోడినాగ, నునుపు సూసి మోసపోనాను."

మర్నాడు రేకు విప్పి గుడి అరుగు మీదే ఆకురాయి పట్టాడు. అటుగా సైకిలు మీద వచ్చిన వర్క్‌షాపు కుర్రాడు హరిబాబు ఆగాడు.

"ఏటి మావా, రిటైరైనా డ్యూటీ దిగనేదా?"

"డ్యూటీ కాదురా. నాకు నేనే చార్జిషీటు ఇచ్చుకున్నాను. పనిష్మెంటు నడస్తంది," అని నూకయ్య రేకును రెండోవైపు తిప్పాడు.